ఆయాసపడే మనిషిని ఎలా చూసుకోవాలి? ముందు ఊపిరి లెక్కపెట్టండి

ఇంట్లో ఎవరికైనా ఆయాసం వస్తే మనవాళ్లు చేసే మొదటి పని వేలికి ఆక్సీమీటర్ తగిలించడం. కరోనా తర్వాత ఇది అందరికీ అలవాటైపోయింది. రక్తంలో ఆక్సిజన్ శాతం 97 అని కనబడగానే "ఏం పర్లేదు, బాగానే ఉంది" అనేసి పక్కకి వెళ్లిపోతారు. ఆ మనిషి నిమిషానికి ముప్పైసార్లు ఊపిరి తీస్తూ, ఒంట్లో సత్తువంతా పెట్టి ఆ 97ని నిలబెట్టుకుంటున్నాడన్న సంగతి ఎవరూ గమనించరు. అలసిపోయాక అంకె పడిపోతుంది. అప్పుడు హడావుడి మొదలవుతుంది. ఛాతీ వార్డులో స్టాఫ్ నర్సుగా ఇన్నేళ్లు చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను: మిషను తర్వాత చూడొచ్చు, ముందు ఊపిరి లెక్కపెట్టండి.

ఉబ్బసం, సీఓపీడీ (గాలి గొట్టాలు ఏళ్ల తరబడి ఇరుకై ఉండే జబ్బు), నిమ్ము ఉన్నవాళ్లను ఇంట్లో చూసుకునేవాళ్లకీ, కొత్తగా డ్యూటీలో చేరిన నర్సమ్మాయిలకీ ఇది పనికొస్తుంది.

కావలసినవి

సెకన్ల ముల్లున్న చేతి వాచీ, ఒక నోటుబుక్కు, పెన్ను, థర్మామీటర్, ఆక్సీమీటర్, రెండు మూడు దిండ్లు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పనికిరాదు. మధ్యలో మోగుతుంది, మీ కళ్లు స్క్రీన్ మీదికి పోతాయి. వాచీయే వాడాలి.

ముందు కూర్చోబెట్టండి

ఆయాసపడే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకండి. పొట్ట బరువంతా డయాఫ్రంని (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం) పైకి నెడుతుంది, ఊపిరి ఇంకా కష్టమవుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, ముందు చిన్న బల్ల వేసి, దాని మీద దిండు పెట్టి, మోచేతులు ఆనించి కాస్త ముందుకి వాలమనండి. జాకెట్ హుక్కులు, బెల్టు, లుంగీ ముడి వదులు చేయండి. చుట్టూ మూగినవాళ్లని బయటికి పంపండి. ఎగపోస్తున్న మనిషి నోట్లో నీళ్లు పోయకండి. ఊపిరికీ మింగడానికీ పొంతన కుదరక ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పెదవులు నీలంగా మారడం, మాట రాకపోవడం, మత్తుగా తూలిపోవడం, పొంతనలేకుండా మాట్లాడటం, దగ్గితే నురగతో గులాబీ రంగు కళ్లె పడటం, చిన్నపిల్లలైతే పాలు కూడా తాగలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా లెక్కల జోలికి పోకుండా 108కి ఫోన్ చేయండి.

మాట్లాడించండి, వినండి

"ఏం పెద్దాయనా, పొద్దున టిఫిన్ ఏం చేశారు?" అని మామూలుగా అడగండి. "రెండు ఇడ్లీ తిన్నానమ్మా" అని ఒక్క దమ్ములో చెబితే కొంత నయం. "రెండు..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "ఇడ్లీ..." అని మళ్లీ ఆగి, "తిన్నా" అంటే ఆయాసం తీవ్రంగా ఉన్నట్టే. అప్పుడు ప్రశ్నలు ఆపేసి మెడ చూడండి. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కండరాలు తాళ్లలా బిగుసుకుంటున్నాయా? కాలర్ ఎముకల పైన గుంటలు పడుతున్నాయా? పిల్లలైతే చొక్కా ఎత్తి చూడండి. ముక్కుపుటాలు అదురుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఆస్పత్రికి బయల్దేరాల్సిందే.

ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తే గాలి గొట్టాలు ముడుచుకున్నాయని అర్థం. తీసుకునేటప్పుడు గొంతు దగ్గర ఈలలా మోగితే అడ్డు పైన ఉంది, అది ఇంకా ప్రమాదం. ఒక్క మాట జాగ్రత్తగా గుర్తుంచుకోండి: ఉబ్బసం బాగా ముదిరినప్పుడు కూత కూడా ఆగిపోతుంది, ఎందుకంటే కూత పుట్టడానికి సరిపడా గాలే కదలదు. మనిషి నీరసంగా ఉండి కూత ఆగిందంటే తగ్గిందనుకోకండి.

ఊపిరి లెక్కపెట్టడం

అందరూ పాడుచేసేది ఈ ఒక్క పనే. చాలా వార్డుల్లో చార్టు తిరగేయండి. నాడి 88, 96, 104 అని మారుతూ ఉంటుంది. బీపీ మారుతూ ఉంటుంది. ఊపిరి గడిలో మాత్రం పొద్దున 20, మధ్యాహ్నం 20, రాత్రి 20. పక్క మంచానికీ 20. లెక్కపెట్టకుండా రాసిన అంకె అది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మనిషి దిగజారిపోతున్నాడని అందరికంటే ముందు చెప్పే గుర్తుల్లో ఊపిరి వేగం ఒకటి. దాన్ని మనమే చెరిపేస్తున్నాం.

మొదటి నియమం, లెక్కపెడుతున్నానని చెప్పకూడదు. చెప్పిన క్షణం నుంచి ఊపిరి మారిపోతుంది. కొందరు నెమ్మదిగా తీస్తారు, కొందరికి టెన్షన్ వచ్చి ఇంకా వేగంగా తీస్తారు. నేను చేసే పద్ధతి ఇదీ: మణికట్టు పట్టుకుని "నాడి చూస్తానమ్మా" అంటాను. నిజంగానే నాడి చూస్తాను. అయిపోయాక చెయ్యి వదలను. ఆ చేతినే మెల్లగా రోగి ఛాతీ మీదికి చేర్చి, వేళ్లు అలాగే ఉంచుతాను. ఇప్పుడు ఊపిరితో పాటు ఆ చెయ్యి లేచి దిగుతుంది. వాళ్లు నాడి చూస్తున్నారనే అనుకుంటారు. నా కళ్లు వాచీ మీద, లెక్క చేతి కదలిక మీద.

రెండోది, ఎక్కడ చూడాలో తెలియాలి. మగవాళ్లలోనూ పిల్లల్లోనూ పొట్ట కదలిక బాగా తెలుస్తుంది, ఆడవాళ్లలో ఎక్కువగా ఛాతీ పైభాగం. పెద్దావిడ నిండుగా పమిట కప్పుకుని ఉంటే లాగాల్సిన పని లేదు. భుజం దగ్గర పమిట మడత అంచు ఊపిరితో పాటు వెంట్రుకవాసి పైకి లేచి దిగుతుంది. ఆ అంచు మీద చూపు నిలపండి. దుప్పటి కప్పుకున్నా అంతే. అయితే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఫ్యాన్ గాలికి కదిలే దుప్పటిని చూసి ఊపిరి లెక్కపెట్టేవాళ్లున్నారు. లైటు వేయండి.

మూడోది, ఒకసారి లేచి దిగితే ఒకటి. లేచినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఇంకొకటి అని లెక్కేసి 40 రాసి ఇంటిల్లిపాదినీ హడలగొట్టేవాళ్లున్నారు.

నాలుగోది, నిండా ఒక నిమిషం. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించడం నేను ఒప్పుకోను. ఎందుకో లెక్క చూపిస్తాను. ఆ పద్ధతిలో మీకు 16, 20, 24, 28 ఇలా నాలుగేసి పెరిగే అంకెలు తప్ప వేరేవి రానే రావు. 21, 22, 23 పుట్టవు. అదే బ్రిటన్‌లో 2012 నుంచి వాడుతూ, 2017లో సవరించిన న్యూస్ స్కోరు (రోగి ఎంత దిగజారుతున్నాడో పాయింట్లలో చెప్పే పట్టిక) చూడండి. ఊపిరి 12 నుంచి 20 దాకా ఉంటే సున్నా, 21 నుంచి 24 అయితే 2 పాయింట్లు, 25, ఆపైన అయితే 3. పదిహేను సెకన్లలో ఒక్క ఊపిరి అటూ ఇటూ అయితే సున్నా వచ్చే మనిషికి రెండు వస్తాయి, రెండు రావాల్సిన మనిషికి సున్నా వస్తుంది. అర నిమిషం లెక్కపెట్టి రెండుతో హెచ్చించినా తప్పు తగ్గుతుందేగానీ పోదు. పైగా కొందరి ఊపిరి సమంగా ఉండదు. వేగంగా తీసి, మెల్లబడి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలవుతుంది. అది నిమిషం చూస్తేనే తెలుస్తుంది.

ఐదోది, సమయం. బాత్రూంకి వెళ్లొచ్చాకో, గట్టిగా దగ్గాకో వెంటనే లెక్కపెట్టకండి. కనీసం ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. చంటిపిల్లలైతే ఏడుస్తున్నప్పుడూ పాలు తాగుతున్నప్పుడూ వచ్చే లెక్క పనికిరాదు. తల్లి ఒళ్లో నిద్రపోతున్నప్పుడు చొక్కా కొంచెం ఎత్తి పొట్ట చూడండి. లెక్క మధ్యలో తప్పితే అంచనా వేసి పూరించకండి, మళ్లీ మొదటి నుంచి.

నిమిషం అవగానే ఎవరితోనూ మాట్లాడకుండా అంకె, టైము రాసేయండి. పక్కనే ఊపిరి లోతుగా ఉందా, పైపైన ఉందా అని ఒక్క మాట రాయండి.

అంకె ఏం చెబుతుంది?

పెద్దవాళ్లకి విశ్రాంతిలో 12 నుంచి 20 మామూలు. 21 నుంచి 24 ఉంటే పావుగంటలో మళ్లీ చూడండి, అలాగే ఉంటే డాక్టరుకి చెప్పండి. 25, ఆపైన ఉంటే ఆస్పత్రికి. 8, అంతకన్నా తక్కువైతే అది కూడా అత్యవసరమే, ముఖ్యంగా నిద్రమాత్రలో, మార్ఫిన్ లాంటి నొప్పి మందులో వాడేవాళ్లలో. పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులు వేరు: రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. దగ్గుతో ఉన్న బిడ్డ ఆ అంకెకి చేరితే నిమ్ము అని అనుమానించాలి.

సీఓపీడీ ఉన్న తాతగారికి బాగున్న రోజుల్లోనే 22 ఉండొచ్చు. అందుకే మనిషి కులాసాగా ఉన్నప్పుడే ఒకసారి లెక్కపెట్టి నోటుబుక్కు మొదటి పేజీలో రాసిపెట్టుకోవాలి. ఆ అంకె లేకపోతే ఈరోజు 26 ఎంత పెరిగిందో మీకు తెలియదు.

ఆక్సీమీటర్ కంటే లెక్క ఎందుకు ముందు? ఒకసారి కడుపునొప్పి, వాంతులతో ఒక కుర్రాడిని తీసుకొచ్చారు. సాచురేషన్, అంటే ఆక్సీమీటర్ చూపే అంకె, 99. ఊపిరి 36, పైగా బాగా లోతుగా తీస్తున్నాడు. ఛాతీలో ఏ కూతా లేదు. షుగర్ పరీక్ష చేయిస్తే ఆకాశంలో ఉంది. రక్తంలో పేరుకున్న ఆమ్లాన్ని ఊపిరి ద్వారా బయటికి నెట్టడానికి ఒళ్లు అంత తంటాలు పడుతోంది. వేలి మీద అంకెని నమ్మి ఉంటే అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి వెయిట్ చేయమనేవాళ్లు.

ఇప్పుడు ఆక్సీమీటర్

మంచి పరికరమే. 1970లలో జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి దీని సూత్రం కనిపెట్టారు, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. దాన్ని సరిగ్గా వాడండి. నెయిల్ పాలిష్, నల్లటి మెహందీ ఉంటే తుడవండి లేదా వేరే వేలు పెట్టండి. చల్లబడిన చేతిని రుద్ది వెచ్చబరచండి. అంకె నిలకడ అయ్యేదాకా నిమిషం ఆగండి. కరోనాలో కొందరికి ఆయాసమే తెలియకుండా సాచురేషన్ పడిపోయింది కాబట్టి లెక్క మామూలుగా ఉన్నా దీన్ని మానకండి. మూసిన బాత్రూంలో గ్యాస్ గీజర్ దగ్గరో, తలుపులేసుకున్న గదిలో కుంపటి దగ్గరో పడిపోయిన మనిషికి మాత్రం ఇది 98 చూపించినా నమ్మవద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఇది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చదువుతుంది.

ఆక్సిజన్, పీల్చే మందులు

ఇంట్లో కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసే మిషను) ఉంటే డాక్టరు రాసినంతే పెట్టండి. సీఓపీడీ వాళ్లలో చాలామందికి సాచురేషన్ 88 నుంచి 92 మధ్య చాలు. "ఇంకొంచెం పెంచితే హాయిగా ఉంటుంది" అని నాబ్ తిప్పితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మనిషి మత్తులోకి జారిపోతాడు. ఇంట్లోవాళ్లు హాయిగా నిద్రపోతున్నాడనుకుంటారు. ముక్కు గొట్టాల వంపు కిందికి ఉండాలి. చెవుల వెనక దూది పెట్టకపోతే పుండు పడుతుంది. ఆ గదిలో దీపం, అగరొత్తి, సిగరెట్ ఏవీ వెలగకూడదు. ముఖానికి వ్యాజలిన్ రాయకండి.

స్ప్రే ఇన్‌హేలర్ అయితే స్పేసర్‌తోనే (ఇన్‌హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం) వాడండి. బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, ఒక్కసారి నొక్కి, మెల్లగా లోతుగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. రెండో పఫ్‌కి ముందు అర నిమిషం ఆగాలి. క్యాప్సూల్ వేసే రోటాహేలర్‌కి ఇది వర్తించదు, అక్కడ ఒక్క విసురుగా బలంగా పీల్చాలి. ఈ రెండూ తారుమారు చేసి "మందు పని చేయట్లేదు" అనేవాళ్లే ఎక్కువ. స్టెరాయిడ్ ఉన్న మందయితే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. "ఇన్‌హేలర్ అలవాటైపోతుంది" అనే మాట తప్పు. ఏటా మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందు కోసం లైన్లో నిలబడటం మీ నమ్మకం, నేను కాదనను. దాన్ని నమ్ముకుని ఇన్‌హేలర్ ఆపేయడం మాత్రం ఒప్పుకోను.

కళ్లె రంగు రోజూ చూడండి. పచ్చగా మారినా, తుప్పు రంగులో పడినా, నెత్తురు కనబడినా రాయండి. రెండు వారాలు దాటిన దగ్గుకి టీబీ పరీక్ష చేయించాలి. ప్రభుత్వాస్పత్రిలో ఉచితం.

ఫోన్ చేసేటప్పుడు

"చాలా సీరియస్‌గా ఉంది సార్" అంటే అవతలివాళ్లకి ఏమీ తెలియదు. ఇలా చెప్పండి: "నాన్నగారికి 68 ఏళ్లు, సీఓపీడీ. ఊపిరి ఇప్పుడు నిమిషానికి 30, అరగంట కిందట 24. సాచురేషన్ 86, ఎప్పుడూ 90 ఉంటుంది. మాట మధ్యలో తెగుతోంది." బండి వచ్చేలోపు పది నిమిషాలకోసారి లెక్కపెట్టి టైముతో రాయండి. అంబులెన్స్‌లో కూడా కూర్చోబెట్టే తీసుకెళ్లమని అడగండి. పాత చీటీలు, వాడుతున్న ఇన్‌హేలర్లు, ఆ నోటుబుక్కు ఒకే సంచిలో వేసి, తోడు వెళ్లేవాళ్ల చేతికివ్వండి.