మెంతులు, త్రిఫల: బరువు తగ్గడానికి నేను వాడే పద్ధతి

ముందే చెప్పేస్తాను. కొవ్వును కరిగించే ఆకు గానీ, కాయ గానీ నాకు దొరకలేదు. ఆకలిని అదుపులో పెట్టేవి మాత్రం ఉన్నాయి. వాటిలో నేను ఎక్కువగా నమ్మేది మెంతులను.

రాత్రి ఒక టీస్పూన్ మెంతులు కడిగి గ్లాసు నీళ్లలో నానబెడతాను. పొద్దున ఆ నీళ్లు తాగి, ఉబ్బిన గింజల్ని బాగా నమిలి మింగుతాను. మొదట్లో నేను నీళ్లు మాత్రం తాగి గింజలు పారబోసేదాన్ని. అసలు పనిచేసే పీచులో ఎక్కువ భాగం గింజల్లోనే ఉండిపోతుంది. అది నీళ్లు పీల్చుకుని జిగురుగా మారుతుంది, కడుపు నిండుగా ఉంచుతుంది. స్థూలకాయానికి చరక సంహిత చెప్పిన సూత్రం కూడా ఇదే: తిన్నది కడుపులో బరువుగా ఉండాలి, ఒంటికి పోషణ మాత్రం తక్కువ ఇవ్వాలి. నానిన మెంతులు తిన్నాకే ఆ మాట నాకు బోధపడింది.

మొదటి వారం అర టీస్పూన్ చాలు, లేకపోతే గ్యాస్ పట్టేస్తుంది. చెమటకు తియ్యటి వాసన వస్తే కంగారు పడకండి, అది మెంతులదే.

త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. గింజలు తీసేసి ఎండబెట్టిన పెచ్చుల పొడిని సమపాళ్లలో కలపాలి. మలబద్ధకం ఉంటేనే, పడుకునే ముందు అర టీస్పూన్ గోరువెచ్చని నీళ్లతో తీసుకోండి. నేనొకసారి తొందరపడి రెండు స్పూన్లు వేసుకున్నాను. మూడు రోజుల్లో కిలోన్నర తగ్గాను, వారం తిరిగేసరికి అంతా వెనక్కొచ్చింది. విరేచనాలతో పోయింది నీరు, కొవ్వు కాదు.

ఇక్కడ దయచేసి నిదానించండి. షుగర్ మందులు వాడేవాళ్లకు మెంతులతో షుగర్ మరీ పడిపోవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. గర్భిణులు ఈ రెండూ మందులా వాడొద్దు. వేరుశెనగ, శనగ పడనివాళ్లకు మెంతులు కూడా పడకపోవచ్చు. బరువు తగ్గిస్తాయని అమ్మే, గార్సీనియా (ఒక పుల్లటి కాయ సారం) ఉన్న మాత్రల జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు, వాటితో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి.

నాకు నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గింది. అందులో రోజూ 40 నిమిషాల నడక, సాయంత్రం చిరుతిళ్లు మానడమే పెద్ద వాటా. ఆ చిరుతిళ్లు మానగలిగింది మాత్రం మెంతుల వల్లే. వారానికోసారి, ఒకే రోజు, పరగడుపున బరువు చూసుకోండి, నడుము కూడా టేపుతో కొలవండి. నాలుగు వారాలైనా ఆకలిలో తేడా కనిపించకపోతే ఆపేయండి, మోతాదు పెంచొద్దు.