ఎనిమిదో తరగతి పిల్లలున్న న్యూయార్క్ క్వీన్స్ ఇళ్ళకి

మా పెద్దమ్మాయి ఎనిమిదిలోకి వచ్చిన సెప్టెంబరులో, ఫ్లషింగ్ గణేశ గుడి క్యాంటీన్‌లో దోసెల లైన్లో నిలబడి ఉంటే ముందున్నావిడ వెనక్కి తిరిగి "హైస్కూల్‌కి ఏమేం పెడుతున్నారు?" అని అడిగింది. పెట్టడమేమిటో నాకు అర్థం కాలేదు. నేను తెనాలిలో చదువుకున్నదాన్ని. బడి అంటే ఇంటికి దగ్గర్లో ఉన్నది. "తొమ్మిదికి మా ఇంటి దగ్గర స్కూల్లోకి వెళ్తుంది కదండీ" అన్నాను. ఆవిడ ట్రే పక్కన పెట్టి మరీ నాకు చెప్పడం మొదలుపెట్టింది. అందులో సగం నిజం, సగం పుకారు. ఏది ఏదో తేలడానికి నాకు మూడు నెలలు పట్టింది. 2023లో మేము హైస్కూల్ సీటుకి అప్లై చేశాం. మీ ఏడాదికి తేదీలు, చిన్న చిన్న నిబంధనలు మారి ఉండొచ్చు, వాటిని నగర విద్యాశాఖ వారి మైస్కూల్స్ అనే అప్లికేషన్ సైట్‌లో చూసుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

న్యూయార్క్ నగరంలో 400కి పైగా పబ్లిక్ హైస్కూళ్ళున్నాయి, వాటిలో 700కి పైగా ప్రోగ్రాములు. ఒకే భవనంలో సైన్స్ రీసెర్చ్ ఒక ప్రోగ్రాము, లా ఇంకొకటి, ఆ చుట్టుపక్కల పిల్లలకి జోన్ సీట్లు వేరొకటి ఉండొచ్చు. మీరు పెట్టేది స్కూలు పేరు కాదు, ప్రోగ్రాము. మీ జోన్ స్కూలే కావాలన్నా దాన్ని లిస్టులో పెట్టాల్సిందే, అడక్కుండా రాదు. ఇది నాకు తెలిసింది నవంబరులో!

స్కూలు నంబరు చదవడం నేర్చుకుంటే సగం తికమక పోతుంది. 25క్యూ525 అంటే 25వ డిస్ట్రిక్ట్, క్యూ అంటే క్వీన్స్, 525 నంబరు స్కూలు. అది టౌన్‌సెండ్ హారిస్. మన్‌హాటన్‌కి ఎమ్, బ్రాంక్స్‌కి ఎక్స్. బ్రూక్లిన్‌కి బి అనుకుంటారు, కాదు, కె. అది కింగ్స్ కౌంటీ కాబట్టి. స్టాటెన్ ఐలాండ్ రిచ్‌మండ్ కౌంటీ, అందుకని ఆర్.

ముందు ఏడో తరగతి వాళ్ళకో మాట. మార్కులు చూసి తీసుకునే ప్రోగ్రాములని ఇక్కడ స్క్రీన్డ్ అంటారు. వాటికి లెక్కలోకి వచ్చేవి ఏడో తరగతి ఫైనల్ మార్కులే: ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్. ఎనిమిదిలో ఎంత పొడిచినా ఆ లెక్క మారదు. ఈ సరాసరిని బట్టి పిల్లల్ని గ్రూపులుగా విడదీస్తారు. ఒకటో గ్రూపు వాళ్ళంతా అయ్యాకే రెండో గ్రూపు వంతు. ఒకే గ్రూపులో సీట్ల కంటే పిల్లలు ఎక్కువైతే? అక్కడే లాటరీ వస్తుంది.

మైస్కూల్స్ అకౌంట్ తెరవడానికి పిల్ల స్టూడెంట్ ఐడీ, స్కూలు ఇచ్చే క్రియేషన్ కోడ్ కావాలి. ఆ కోడ్ ఉన్న కాగితం మా అమ్మాయి బ్యాగు అడుగున, అరటిపండు మరకతో దొరికింది. దొరక్కపోతే కౌన్సెలర్ మళ్ళీ ఇస్తారు. విద్యాశాఖ కాగితాలు బెంగాలీ, ఉర్దూల్లో దొరుకుతాయి కానీ తెలుగులో రావు. ఇంట్లో ఇంగ్లిష్ ఇబ్బందైతే స్కూలుతో ఫోన్లో మాట్లాడేటప్పుడు దుబాసీ కావాలని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

లాగిన్ అయ్యాక అక్కడ ఒక పొడుగాటి నంబరు కనిపిస్తుంది. 32 అక్షరాలు, అంకెలు కలిసి కారు ఛాసిస్ నంబరులా ఉంటుంది. అదే లాటరీ నంబరు. మా అమ్మాయిది "బి4"తో మొదలైంది. మొదటి రెండు గుర్తులు చూస్తే చాలు. 0 నుంచి 9 వరకు అంకెలు, తర్వాత ఎ అంటే 10, బి అంటే 11, అలా ఎఫ్ అంటే 15. మొదటిదాన్ని 16తో గుణించి రెండోది కలిపి, 256తో భాగించాలి. బి4 అంటే 11 పదహార్లు 176, నాలుగు కలిపితే 180. 180ని 256తో భాగిస్తే 0.70. అంటే నూరుమందిని నిలబెడితే మా పిల్ల ముందు 70 మంది. ఈ లెక్క కరెంటు బిల్లు వెనకాల వేసి మా ఆయనకి చూపిస్తే, "మన అదృష్టం ఎప్పుడూ ఇంతే" అని టీవీ పెట్టుకున్నారు.

నిజానికి అంత దిగులు అక్కర్లేదు. చెడ్డ నంబరు వస్తే లిస్టు ఇంకాస్త జాగ్రత్తగా పెట్టుకోవాలి, అంతే. మార్కులు చూడని ఓపెన్ ప్రోగ్రాముల్లో, మార్కుల గ్రూపుల్లో నంబరు పనిచేస్తుంది. ఎడ్ ఆప్ట్ అనేవి ఉన్నాయి, వాటిలో మార్కులు బాగున్నవాళ్ళకి, మధ్యరకం వాళ్ళకి, తక్కువున్నవాళ్ళకి వేర్వేరుగా సీట్లుంటాయి కాబట్టి అన్నిరకాల పిల్లలూ చేరతారు. అక్కడా నంబరు ఉంది. కానీ ఆడిషన్ ప్రోగ్రాముల్లో పిల్ల పాటో బొమ్మో ముఖ్యం. కొన్నిచోట్ల వ్యాసం, చిన్న వీడియో అడుగుతారు, దానికీ మార్కులుంటాయి. అవి చేయడానికి బద్ధకించే పిల్లలు చాలామంది. నంబరు బాగాలేనివాళ్ళు బద్ధకించకూడదు.

ఇక స్పెషలైజ్డ్ స్కూళ్ళు. మనవాళ్ళ ఇళ్ళల్లో స్టైవెసంట్ పేరు ఐఐటీ పేరులా పలుకుతారు. స్టైవెసంట్, బ్రాంక్స్ సైన్స్, బ్రూక్లిన్ టెక్, ఇంకో ఐదు, మొత్తం ఎనిమిది స్కూళ్ళకి ఎస్‌హెచ్‌ఎస్‌ఏటీ అనే ఒక్క పరీక్ష. ఈ పరీక్ష 1971 నాటి రాష్ట్ర చట్టంలోనే ఉంది. మార్కుల కార్డు చూడరు, లాటరీ లేదు, స్కోరొక్కటే. సంగీతం, కళలు నేర్పే లాగార్డియా కూడా స్పెషలైజ్డే గానీ దానికి ఆడిషన్. వీటి లిస్టు మామూలు లిస్టు నుంచి వేరు, కాబట్టి ఇది రాయడం వల్ల అక్కడ నష్టం లేదు. పరీక్షకి విడిగా రిజిస్టర్ అవ్వాలి, దాని గడువు అప్లికేషన్ గడువు కంటే ముందే ముగుస్తుంది. మా అమ్మాయి రాసింది, రాలేదు. వారం రోజులు మాట్లాడలేదు, తర్వాత మామూలే.

లిస్టు వరుస గురించి క్యాంటీన్‌లో విన్నదంతా తప్పు. "వదినా, మంచి స్కూలు ముందు పెట్టి అది రాకపోతే రెండోది కూడా పోతుంది. వచ్చేదే మొదట పెట్టండి" అని మా పక్కింటావిడ కూడా అంది. నేను దాదాపు అలాగే పెట్టబోయాను. ఆవిడ అబద్ధం చెప్పలేదు, పాతకాలం సంగతి చెప్పింది. అప్పట్లో చాలా స్కూళ్ళకి మీరు తమని ఎన్నోదిగా పెట్టారో కనిపించేది, మొదటిగా పెట్టినవాళ్ళనే తీసుకునేవి. ఏటా దాదాపు 30 వేల మంది పిల్లలు తాము అడగని స్కూల్లో పడేవారు. 2004లో చేరిన పిల్లల నుంచి పద్ధతి మార్చారు. దాన్ని తయారుచేసిన ఆర్థికవేత్తల్లో ఒకరు ఆల్విన్ రాత్, ఆయనకి 2012లో నోబెల్ వచ్చింది.

ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టినవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. కంప్యూటర్ మీ మొదటి ఛాయిస్ దగ్గర అడుగుతుంది. అక్కడ మీకంటే ముందున్నవాళ్ళతో సీట్లు నిండితే రెండోదాని దగ్గరికి వెళ్తుంది. అక్కడ, మొదట్నుంచీ దాన్నే అడిగిన పిల్లతో సమానంగానే మిమ్మల్ని చూస్తారు. ఎంసెట్‌లో అన్ని కాలేజీలకీ ఒకే ర్యాంకు, ఇక్కడ ఒక్కో ప్రోగ్రాముకి ఒక్కో వరుస, అంతే తేడా. స్కూలుకి మీరు దాన్ని ఎన్నోదిగా పెట్టారో తెలియదు. కాబట్టి పిల్లకి ఏది ఎక్కువ ఇష్టమో అదే మొదట. లెక్కలు వేయాల్సింది వరుసలో కాదు, లిస్టు అడుగున. మాకు 12 గళ్ళుండేవి. తెలిసినవాళ్ళు ఐదు పెద్ద పేర్లు పెట్టి ఆపేశారు, మార్చిలో ఏడ్చారు. మేము మొదటి నాలుగు ఆశవి పెట్టాం, తర్వాత ఐదు క్వీన్స్ పిల్లలకి ప్రాధాన్యం ఇచ్చేవి, చివర జోన్ స్కూలుతో కలిపి మూడు. ప్రతి ప్రోగ్రాము పేజీలోనూ గత ఏడాది సీటుకి ఎంతమంది రాశారో, ప్రాధాన్యం ఎవరికో ఉంటుంది. సీటుకి 20 మంది ఉన్నవే పన్నెండూ పెట్టడం లాటరీ టికెట్లు పన్నెండు కొన్నట్టే. ఇంకో మాట: పంపడం ఇష్టం లేని స్కూలు నింపడానికని పెట్టకండి. అదే వస్తుంది.

ఓపెన్ హౌస్‌లకి వెళ్ళండి, అన్నింటికీ కాదు. ఒకచోట రిజిస్ట్రేషన్ పది నిమిషాల్లో నిండిపోయింది, మేము గేటు బయట నిలబడి భవనం చూసి వచ్చాం. లోపలికి వెళ్ళగలిగినచోట ప్రిన్సిపల్ స్లైడ్లన్నీ ఒకేలా ఉంటాయి. మిమ్మల్ని తిప్పి చూపించే పిల్లల్ని పట్టుకోండి. నేను రెండు ప్రశ్నలే అడిగేదాన్ని. "బాత్రూములు తెరిచి ఉంటాయా?" "నీ లంచ్ ఎన్నింటికి?" ఒక పెద్ద స్కూల్లో తొమ్మిదో తరగతి అబ్బాయి నవ్వుతూ "పొద్దున 9:50కి, ఆంటీ" అన్నాడు. పిల్లలు ఎక్కువై షిఫ్టుల్లో నడుపుతున్నారన్నమాట. ఏడింటికి ఇడ్లీ తిని వెళ్ళిన పిల్ల 9:50కి మళ్ళీ ఏం తింటుంది, మూడింటిదాకా ఎలా ఉంటుంది? ఆ స్కూలు మూడో స్థానం నుంచి తొమ్మిదికి దిగింది.

ప్రయాణం మ్యాప్‌లో చూసి నమ్మకండి. మేముండేది బెల్‌రోజ్‌లో, సబ్‌వే లేదు. బస్సెక్కి 179వ వీధికి వెళ్తేనే ఎఫ్ ట్రైను దొరుకుతుంది. మ్యాప్‌లో 55 నిమిషాలన్న స్కూలుకి ఒక మంగళవారం పొద్దున 6:40కి నేనూ అమ్మాయీ బయల్దేరాం. వాన. మొదటి బస్సు నిండిపోయి ఆగకుండానే వెళ్ళింది. చేరేసరికి గంటా ఇరవై నిమిషాలు. "అమ్మా, ఇది నాలుగేళ్ళా?" అంది. మొదటి స్థానంలో ఉన్న పేరు అక్కడికక్కడే దాని నోటితోనే ఐదుకి మారింది. బ్రాంక్స్ సైన్స్ మాటెత్తే ఈ వైపు వాళ్ళు ముందు ఈ పని చేయండి. మా వైపు పిల్లలు చాలామంది డబ్బు కట్టి ప్రైవేట్ బస్సులో వెళ్తారు.

డిసెంబరు మొదట్లో గడువు. ప్రోగ్రాములు లిస్టులో చేర్చి, వరుస సరిచేసి, "అయిపోయింది" అనుకుని నేను హాయిగా నిద్రపోయాను. నాలుగు రోజుల తర్వాత కౌన్సెలర్ ఫోన్ చేసి "మీరు సబ్మిట్ నొక్కలేదు" అన్నారు. చేర్చడం వేరు, సబ్మిట్ వేరు. నొక్కాక కూడా గడువు దాకా మార్చుకోవచ్చు, మార్చిన ప్రతిసారీ మళ్ళీ నొక్కాలి. తర్వాత వచ్చే కన్ఫర్మేషన్ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.

మార్చి మొదటివారంలో ఫలితాలు వచ్చాయి. మాకు నాలుగోది వచ్చింది. దానికి పైన పెట్టిన మూడింటిలోనూ పేరు దానంతటదే వెయిట్‌లిస్టులో చేరుతుంది. వచ్చిన ఆఫర్ ఒప్పుకుంటే వెయిట్‌లిస్టు పోతుందని భయపడి కూర్చున్నవాళ్ళని చూశాను. పోదు, ఒప్పుకోండి. ఒకదానిలో మా నంబరు 212, జూన్‌కి 140 దాకా జరిగింది, అక్కడే ఆగిపోయింది. రోజూ పొద్దున ఫోన్ తీసి ఆ నంబరు చూడటం మా ఆయనకి అలవాటైపోయింది, లాటరీ అంటే పట్టనట్టు టీవీ పెట్టుకున్నాయన!

సెప్టెంబరులో మొదటిరోజు సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చి బ్యాగు సోఫా మీద పడేసి మొట్టమొదట చెప్పింది ఇదే: "అమ్మా, లంచ్ 11:35కి."