పాత చర్చి గోడ చదవడం – 3వ పాఠం: ముందు అతుకు, తర్వాత బొమ్మ

పోయిన రెండు పాఠాల్లో చర్చి ప్లాను, మూలరాళ్లు, కిటికీలు చూశాం. ఇవాళంతా గుమ్మం దగ్గరే ఉంటాం, మధ్యలో ఒకసారి తలెత్తి చూరు కిందకి చూస్తాం, చివర్లో లోపలికి వెళ్తాం. నార్మన్ల (ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండుని గెలిచినవాళ్లు) కాలంలో, అంటే 1066 నుంచి దాదాపు 1190 దాకా, ఊరి చర్చి కట్టించినవాళ్లు చెక్కడం పని ఎక్కువగా చేయించింది గుమ్మం మీదా, లోపల చాన్సెల్‌కి, అంటే పూజాపీఠం ఉండే తూర్పు భాగానికి, దారిచ్చే కమాను మీదా. అందుకే తర్వాతి తరాలు గోడలు పడగొట్టి పెద్దవి కట్టుకున్నా, పాత గుమ్మాన్ని జాగ్రత్తగా విప్పి కొత్త గోడలో మళ్లీ పేర్చుకున్న ఊళ్లు ఇంగ్లండులో బోలెడు. దీనివల్ల మనకి మేలూ ఉంది, చిక్కూ ఉంది. గుమ్మం పాతదే, కానీ అది ఉన్న గోడ పాతదని గ్యారంటీ లేదు.

ఈ పాఠానికి నేను ఎంచుకున్న చర్చి కిల్‌పెక్. హెరెఫర్డ్ పట్టణానికి నైరుతిగా పదమూడు కిలోమీటర్ల దూరంలో, వేల్స్ సరిహద్దుకి దగ్గర్లో ఉన్న చిన్న పల్లె. చర్చికి పడమటి పక్కనే ఒక మట్టిదిబ్బ, దాని మీద కోటగోడ ముక్కలు కనిపిస్తాయి. ఊరి దొరా చర్చీ పక్కపక్కనే ఉండేవన్నమాట. జనం కూర్చునే హాలు, అంటే నేవ్, దాని తర్వాత చాన్సెల్, చివర అర్ధచంద్రాకారంగా ముగిసే యాప్స్, ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి. మొదటి పాఠంలో గీసిన ప్లానే ఇది, పక్క నడవలు లేవు, శిఖరం లేదు. ఇంత చిన్న చర్చి మీద ఇంత శిల్పం ఉండటం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తేదీ సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది పొరపడతారు. 1134లో హ్యూ అనే దొర ఈ చర్చిని గ్లోస్టర్ మఠానికి దానమిచ్చాడు. సరే, అయితే చర్చి 1134 నాటికే కట్టేశారు కదా అనుకుంటాం. కానీ దానపత్రం చెప్పేది ఆనాడు అక్కడ ఒక చర్చి ఉందని మాత్రమే, ఇవాళ మనం చూస్తున్న రాళ్లు అప్పటివే అని అది చెప్పదు. నేవ్ ఈశాన్య మూలలో ఇంకా పాత కట్టడం తాలూకు రాళ్లు ఉన్నాయని చాలాకాలంగా అనుకుంటున్నారు కూడా. శిల్పం తీరుని బట్టి ఇప్పుడున్న చర్చిని సుమారు 1140 నాటిదిగా లెక్కేస్తారు. కాగితం ఒక తేదీ చెప్తుంది, రాయి ఇంకోటి చెప్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకోండి, ఒకదాన్ని తెచ్చి ఇంకోదానికి అతికించకండి.

ఇక దక్షిణ గుమ్మం. మొదటిసారి చూసినవాళ్ల కళ్లు తిన్నగా బొమ్మల మీదకే పోతాయి, పోనివ్వండి, ఐదు నిమిషాలు హాయిగా చూడండి. గుమ్మం పైన అర్ధచంద్రంలా ఉన్న పలక, దాన్ని టింపనమ్ అంటారు, అందులో తీగలా అల్లుకున్న చెట్టు. దాని కింద లింటెల్, అంటే గుమ్మం మీది అడ్డరాయి, మీద జిగ్‌జాగ్ గీతలు. కుడివైపు స్తంభం తలమీద ఒక మనిషి మొహం, నోట్లోంచి ఆకులు తీగలు బయటికి వస్తున్నాయి. ఎడమవైపు స్తంభం మీద తీగల్లో చిక్కుకున్నట్టు ఇద్దరు యోధులు, వదులు ప్యాంట్లు, మెత్తని టోపీలు. పక్కన పాములు ఒకదాని తోక ఇంకోటి మింగుతూ ఉంటాయి. పైన కమానులో డ్రాగన్లు, పక్షులు, పొడుగు ముక్కు తలలు, ఒక దేవదూత.

చూశారా? ఇప్పుడు బొమ్మలన్నీ మర్చిపోయి గీతలు వెతకండి, రాయికీ రాయికీ మధ్య ఉండే అతుకు గీతలు. ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సింది ఇదొక్కటే. లోపలి కమానులో చాలావరకు ఒక్కో రాయికి ఒక్కో బొమ్మ ఉంటుంది. అంటే రాయిని గోడలో పెట్టాక నిచ్చెనెక్కి చెక్కలేదు, కింద బల్ల మీద చెక్కేసి, ఆ తర్వాత పైకి ఎత్తి వరసగా పేర్చారు. దీన్నుంచి రెండు సంగతులు తేలతాయి. ఒకటి, నలుగురు పనివాళ్లు ఒకేసారి నాలుగు రాళ్లు చెక్కగలరు, అందుకే పక్కపక్క బొమ్మల్లో చెయ్యి తేడా కనిపించవచ్చు, ఆ తేడా చూసి "ఇది తర్వాత కాలంలో చేర్చింది" అని తొందరపడకూడదు. రెండోది ఇంకా ముఖ్యం. విడిగా చెక్కిన రాళ్లని విప్పి మళ్లీ పేర్చడం సులువు. పేర్చినప్పుడు ఒక రాయి అటూ ఇటూ అయితే నమూనా తెగుతుంది, జిగ్‌జాగ్ కొస పక్క రాయి మీది కొసతో కలవదు, కమాను కొద్దిగా నొక్కినట్టు అవుతుంది, లేదా ఖాళీ పూడ్చడానికి సన్నటి చెక్కుముక్క ఒకటి దూర్చి ఉంటుంది. గుమ్మాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చారా లేదా అన్నది మీకు చెప్పేది ఈ తెగినచోట్లే, బొమ్మ అందం మాత్రం ఏమీ చెప్పదు.

అతుకులు చూశాక ఉలి జాడలు చూడండి. దక్షిణం గోడ మీద పొద్దున, సాయంత్రం ఎండ పక్కనుంచి పడుతుంది, అప్పుడు వెళ్తే మంచిది. లేకపోతే ఫోన్ టార్చ్‌ని గోడకి ఆనించినంత దగ్గరగా, కానీ తాకకుండా, అడ్డంగా పట్టుకోండి. నార్మన్ కాలంలో రాయిని నున్నగా చేసింది ఎక్కువగా గొడ్డలితో, అందుకని ఏటవాలు గాట్లు పడతాయి. దాదాపు 1200 తర్వాత పళ్ల ఉలి వాడకం పెరిగింది, దాని జాడ సన్నటి సమాంతర గీతలు. ఒకే గోడలో ఈ రెండూ కనిపిస్తే అక్కడే ఆగి నోట్‌బుక్ తియ్యండి.

ఇప్పుడు తలెత్తండి. గోడ పైఅంచు కింద చర్చి చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన రాళ్లు, ఒక్కోదానికి ఒక్కో తల. వీటిని కార్బెల్స్ అంటారు. కిల్‌పెక్‌లో 85 మిగిలాయి. కుక్కా కుందేలూ పక్కపక్కన, వాయిద్యం వాయించే మనిషి, పొట్టేలు తల, పక్షులు, ఏ జంతువో చెప్పలేని తలలు. యాప్స్ వైపు ఒక స్త్రీ తన జననాంగాన్ని రెండు చేతులతో విప్పి చూపిస్తున్న బొమ్మ ఉంది, దాన్ని షీలా-నా-గిగ్ అంటారు. పాపం గురించిన హెచ్చరిక అని కొందరు, కీడుని తరిమే రక్ష అని కొందరు, ఎవరి వాదన వాళ్లది. చర్చి గోడ మీద ఇదేంటి అని సిగ్గుపడి ఫొటో తియ్యకుండా వదిలేయకండి. దాన్ని చెక్కినవాళ్లు దాచి పెట్టలేదు.

మనకి కావలసింది మాత్రం ఆ రాయి తోక. కార్బెల్ అంటే బయటికి కనిపించే తల ఒక్కటే కాదు, దాని వెనక పొడుగు భాగం గోడలోకి దిగి ఉంటుంది, పైన పడే బరువు దాన్ని నొక్కి పట్టుకుంటుంది. మన పాత దిగుడుబావుల్లో గోడలోంచి బయటికి వచ్చే రాతిమెట్లు నిలిచేది కూడా ఇలాగే. కాబట్టి కార్బెల్ గోడతోపాటు పెట్టాల్సిందే, తర్వాత దూర్చాలంటే పైవరస విప్పాలి. అంటే కార్బెల్ చుట్టూ ఉన్న రాళ్లు, సున్నం చెదరకుండా ఉంటే, ఆ ఎత్తు దాకా గోడ అదే కాలానిది. గుమ్మం ఇవ్వలేని గ్యారంటీ ఇక్కడ దొరుకుతుంది. పడమటి గోడ పైన నోళ్లు తెరుచుకుని బయటికి దూకుతున్న డ్రాగన్ తలలు కూడా ఇలా గోడలో దిగినవే. చూడగానే నార్వే చెక్క చర్చిలు గుర్తొస్తాయి.

లోపలికి వెళ్దాం. చాన్సెల్ కమానుకి అటూ ఇటూ ఒకరి మీద ఒకరుగా ముగ్గురేసి సాధువులు, వాళ్లలో తాళంచెవి పట్టుకున్న పీటర్‌ని వెంటనే గుర్తుపడతారు. ఇలా మనుషుల్ని స్తంభం మీద అంతస్తులుగా నిలబెట్టడం ఇంగ్లండు పల్లెల్లో మామూలు విషయం కాదు. స్పెయిన్‌లోని సాంటియాగో చర్చి దక్షిణ ద్వారం దగ్గర ఈ పద్ధతి ఉంది. హెరెఫర్డ్‌షైర్‌లోనే షాబ్డన్ చర్చి కట్టించిన ఆలివర్ డి మెర్లిమాండ్ సాంటియాగోకి యాత్ర వెళ్లొచ్చాడు, ఆ దారినే ఈ ఆలోచన వచ్చిందని చరిత్రకారుల ఊహ. నాకూ అది సబబుగానే అనిపిస్తుంది. షాబ్డన్ పాత చర్చిని 18వ శతాబ్దంలో పడగొట్టి, దాని కమానుల్ని ఒక గుట్ట మీద అలంకారంగా నిలబెట్టారు. వానకీ గాలికీ అవి బాగా అరిగిపోయాయి. అదే తరహా శిల్పం కిల్‌పెక్‌లో ఇంత స్పష్టంగా నిలిచింది. షాబ్డన్ ఫొటోలు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇలా ఒకే చేతివాటం పక్క ఊళ్లలోనూ వెతకడం ఈ విద్యలో సగం. ఎర్డ్‌స్లీ చర్చిలో బాప్తిస్మపు తొట్టి మీద ఇద్దరు పోట్లాడుకుంటుంటారు, వాళ్ల వదులు ప్యాంటుల మడతలు చూసి, వెంటనే కిల్‌పెక్ గుమ్మం మీది యోధుల్ని చూడండి. ఒకే పనివాళ్ల బృందం, లేదా ఒకరి దగ్గర నేర్చుకున్న ఇంకొకరు. ఈ జిల్లా చుట్టుపక్కల ఇలాంటి పని చాలా చర్చిల్లో ఉంది, దాన్నంతా కలిపి హెరెఫర్డ్‌షైర్ శైలి అంటారు.

ఒక జాగ్రత్త. 19వ శతాబ్దంలో ఇంగ్లండు అంతటా చర్చిల్ని బాగుచేశారు, కిల్‌పెక్‌లో కూడా 1848లో పని జరిగింది. ఆ కాలంలో నార్మన్ పద్ధతిలో కొత్తగా చెక్కిన రాళ్లు చాలా చర్చిల్లో కలిసిపోయి ఉంటాయి. అంచులు మరీ పదునుగా, అన్ని బొమ్మలూ అచ్చు ఒకేలా ఉంటే అనుమానించండి. ఆకారం ఎప్పుడూ వయసు చెప్పదు. మెదక్ చర్చి మొనదేలిన కిటికీలు చూసి మధ్యయుగం అనుకుంటే ఎలా, దాని ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబర్ 25న.

ఈసారి హోంవర్క్: బర్మింగ్‌హామ్, లండన్ వైపు ఉన్నవాళ్లు దగ్గర్లోని ఏదైనా నార్మన్ గుమ్మం ముందు నిలబడి, మనదేశంలో ఉన్నవాళ్లు కిల్‌పెక్ దక్షిణ గుమ్మం ఫొటో పెద్దది చేసుకుని, బొమ్మలు వెయ్యకుండా అతుకు గీతలు మాత్రమే కాగితం మీద వెయ్యండి. నమూనా తెగినచోట ఎర్ర చుక్క పెట్టండి. వచ్చే పాఠం మొనదేలిన కమాను గురించి, అప్పుడు ఈ కాగితం పక్కన ఉండాలి.