పాత మాన్‌స్టర్ సినిమా ఇప్పటికీ భయపెట్టాలంటే

1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పెట్టిన పది నిమిషాలకే గదిలో ఎవరో ఒకరు కిసుక్కున నవ్వుతారు. ఆ నవ్వుకి కారణం చాలాసార్లు సినిమా కాదు. టీవీ సెట్టింగో, అరిగిపోయిన కాపీయో, ఎవరో కత్తెర వేసిన వెర్షనో అయి ఉంటుంది. సినిమా పెట్టేముందు ఈ మూడూ చూసుకుంటే తొంభై ఏళ్లు దాటిన భూతం కూడా ఒళ్లు జలదరింపజేస్తుంది.

ముందు టీవీ సంగతి. కదలికను నున్నగా చేసే ఆప్షన్ ఒకటి ఇప్పటి చాలా టీవీల్లో ఉంటుంది. ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఆటో మోషన్ ప్లస్ అని కంపెనీకో పేరు. దాన్ని పూర్తిగా ఆఫ్ చేయండి. 1933 ‘కింగ్ కాంగ్’లో బొమ్మల కదలికల నిపుణుడు విల్లిస్ ఓబ్రయన్ బృందం దాదాపు 18 అంగుళాల గొరిల్లా బొమ్మని వెంట్రుకవాసి జరుపుతూ ఒక్కో ఫ్రేమ్ తీసింది. సెకనుకి 24 ఫ్రేములు. టీవీ వాటి మధ్య తనకు తోచిన ఫ్రేములు కల్పించి చొప్పిస్తే కాంగ్ విసురు మెత్తబడుతుంది, చేతి చుట్టూ అంచులు చెదురుతాయి. సెట్టింగ్ సరిగ్గా ఉంటే కాంగ్ ఒంటిమీద బొచ్చు గాలికి రేగినట్టు అదురుతూ కనిపిస్తుంది. ఫ్రేమ్‌కి ఫ్రేమ్‌కి మధ్య బొమ్మని పట్టుకున్న వేళ్ల ఒత్తిడి అది. చూసేవాళ్లకి ఈ ముచ్చట సినిమా అయ్యాకే చెప్పండి. ముందే చెబితే కథ వదిలేసి బొచ్చే చూస్తారు.

తర్వాత తెర కొలత. 1953కి ముందు వచ్చిన హాలీవుడ్ టాకీలు చాలావరకు దాదాపు చతురస్రంలా ఉంటాయి. వెడల్పు ఎత్తుకి సుమారు 1.37 రెట్లు. ఇప్పటి టీవీలో అటూ ఇటూ నల్ల పట్టీలు రావాల్సిందే. పట్టీలు బాగోలేదని సాగదీస్తే, మేకప్ కళాకారుడు జాక్ పియర్స్ ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో భూతం వేషం వేసిన బోరిస్ కార్లోఫ్‌కి కట్టిన ఎత్తైన నుదురు కాస్తా గుమ్మడికాయలా అవుతుంది. జూమ్ చేస్తే ఆ నుదురే తెగిపోతుంది. తెరమీద గడియారమో చందమామో వచ్చినప్పుడు గుండ్రంగా ఉందా కోడిగుడ్డులా ఉందా చూడండి, తెలిసిపోతుంది.

షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, లేకపోతే ఫిల్మ్‌లో సహజంగా ఉండే సన్నని చుక్కలు (ఫిల్మ్ గ్రెయిన్) ఇసుక చల్లినట్టు గరగరలాడుతుంది. నాయిస్ రిడక్షన్ తీసేయండి, అది ముఖాలకి మైనం పూసినట్టు చేస్తుంది. డైనమిక్ కాంట్రాస్ట్ కూడా వద్దు. ఇక బ్రైట్‌నెస్: ఒక రాత్రి సీన్ దగ్గర ఆపి, నల్లకోటు అంచు వెనకున్న చీకటిలోంచి విడిగా కనిపించేంతవరకే పెంచండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే ఈ పనులు చాలావరకు అదే చేసేస్తుంది. గదిలో లైట్లు ఆర్పి, టీవీ వెనక మాత్రం ఒక చిన్న దీపం ఉంచితే కళ్లు అలసిపోవు.

అసలు మోసమంతా కాపీలో ఉంటుంది. 1922 నాటి మూకీ ‘నోస్ఫెరాటు’నే తీసుకోండి. ఆరుబయట రాత్రి సీన్లని పగటి వెలుగులో తీసి, ప్రింట్‌కి నీలం రంగు అద్దారు. నీలమైతే రాత్రి, పసుపైతే దీపపు వెలుగు అని అప్పటి ప్రేక్షకులకి తెలుసు. రంగు లేని కాపీ పెడితే రక్తపిశాచి శవపేటిక చంకన పెట్టుకుని పట్టపగలు ఊళ్లో నడుస్తున్నట్టుంటుంది. చివర్లో అదే పిశాచి సూర్యోదయానికి మాయమైపోతే, మరి ఇందాకటి ఎండ సంగతేంటని ఎవరైనా అడుగుతారు. ఎండకి రక్తపిశాచి చావడమన్నది ఈ సినిమాతోనే మొదలైంది, కాబట్టి రంగు పోతే ప్రాణం పోయినట్టే. నిడివి కూడా చూడండి. గంటన్నర దరిదాపుల్లో ఉన్న, రంగులు పునరుద్ధరించిన కాపీ కావాలి. గంటా పది నిమిషాల లోపు ఉంటే వేగం పెంచి ఉంటారు, లేదా కోతలు పడి ఉంటాయి.

‘గాడ్జిల్లా’ విషయంలో పరీక్ష ఇంకా సులువు. 1954 జపనీస్ మూలం 96 నిమిషాలు. మొదట్లోనే శిథిలాల మధ్య అమెరికన్ విలేకరి కనిపిస్తే అది నటుడు రేమండ్ బర్‌ని అతికించి 1956లో అమెరికాలో విడుదల చేసిన వెర్షన్, ఆపేయండి. 1954 మార్చిలో బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షతో ఒక జపాన్ చేపల పడవ మీద అణుధూళి పడింది. అదే ఏడాది నవంబరులో ఈ సినిమా వచ్చింది, మొదటి సీన్‌లోనే మెరుపు మెరిసి ఓడ కాలిపోతుంది. ఈ ఒక్క ముక్కా ముందే చెప్పండి. గాడ్జిల్లా వేషానికి నటుడు తొడుక్కున్న రబ్బరు సూట్ చూసి నవ్వు రాదు.

‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ (1968) పేరు మార్చినప్పుడు కాపీరైట్ ప్రకటన ప్రింట్‌లోంచి జారిపోయింది. దాంతో ఎవరు పడితే వాళ్లు అచ్చేసుకున్నారు, మసకబారిన కాపీలు లెక్కలేనన్ని. అసలు నెగటివ్ నుంచి 2016లో పునరుద్ధరించినదే వెతకండి. రంగులు పులిమిన వెర్షన్లు వద్దే వద్దు. ఈ సినిమాలో రక్తంగా వాడింది చాక్లెట్ సిరప్, నలుపు తెలుపులోనే అది రక్తంలా కనిపిస్తుంది.

1954 ‘క్రియేచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్’ని అప్పట్లో పోలరైజ్డ్ కళ్లద్దాలతో త్రీడీలో చూపించారు. ఎరుపు నీలం కళ్లద్దాల కాపీ దొరికితే వదిలేసి మామూలు కాపీయే చూడండి. ఆ రెండు రంగుల్లో నీళ్లలోని బూడిద ఛాయలన్నీ బురదైపోతాయి. నీళ్లలో ఆ జంతువు వేషం వేసిన రికూ బ్రౌనింగ్ గాలి సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి ఈదిన సీన్లు అవి, స్పష్టంగా కనిపించాలి.

శబ్దానికి వస్తే, 1931 ‘డ్రాక్యులా’లో టైటిల్స్ దాటాక నేపథ్య సంగీతం దాదాపు ఉండదు. స్పీకర్ పాడైందనుకుని వాల్యూమ్ పెంచితే వినిపించేది బుస మాత్రమే. సరౌండ్ ఎఫెక్టులు ఆపేసి మోనో (ఒకే ఛానెల్ శబ్దం) లాగే వినండి. గాడ్జిల్లా గర్జనని మాత్రం విడి స్పీకర్‌లో వినాలి. జిగురు పూసిన తోలు గ్లవ్‌తో కాంట్రాబాస్ తీగలు రుద్ది పుట్టించిన ధ్వని అది, టీవీ స్పీకర్‌లో సగం పోతుంది.

ఒక పూటకి రెండు సినిమాలు చాలు. కొత్తవాళ్లకి మొదట ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (70 నిమిషాలు), వెంటనే 1935 నాటి ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ (75 నిమిషాలు). మరో రోజు కాంగ్, గాడ్జిల్లా. ‘నోస్ఫెరాటు’ని వీటికి అలవాటు పడ్డాక విడిగా పెట్టండి, దాని నడక నెమ్మది.

అందరూ రాకముందే ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో చెరువు సీన్ ఒకసారి వేసి చూసుకోండి. చిన్నపిల్ల మరియా భూతానికి పూలు ఇస్తుంది. ఇద్దరూ ఒక్కొక్కటే నీళ్లలోకి విసురుతారు, అవి తేలుతుంటాయి. అతను మొదటిసారి నవ్వుతాడు. పూలు అయిపోతాయి. ఖాళీ చేతులు చూసుకుని, పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకుని ఎత్తి నీళ్లలో వేస్తాడు. దశాబ్దాలపాటు తిరిగిన కోత ప్రింట్లలో అతను చేతులు చాచగానే సీన్ తెగిపోయేది, తర్వాత తండ్రి శవాన్ని మోసుకొస్తూ కనిపించేవాడు. మధ్యలో ఏం జరిగిందో ప్రేక్షకులు ఊహించుకున్నది అసలు జరిగినదానికంటే ఘోరం. మీ కాపీలో పిల్ల నీళ్లలో పడ్డాక అతను కంగారుగా చేతులు ఆడిస్తూ ఒడ్డు నుంచి తడబడి వెళ్లిపోవడం కనిపిస్తే, అదే సరైన కాపీ.