వేసవిలో రాజమహేంద్రవరం గోదావరి గట్టున నడక

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు వెంబడి నడవదలచినవారు ముందుగా గమనించవలసింది, ఊరు నదికి తూర్పు ఒడ్డున ఉన్నదన్న సంగతి. పొద్దున సూర్యుడు ఊరి వెనుక నుంచి లేస్తాడు కనుక ఘాట్ల పక్కనున్న గుళ్ళ నీడ, మేడల నీడ కొంతసేపు గట్టు మీద పరచుకొని ఉంటుంది. సాయంత్రమైతే కొవ్వూరు వైపు వాలే ఎండ, అడ్డమన్నది లేకుండా నది మీదుగా వచ్చి ముఖాన కొడుతుంది; నీటి మీది మెరుపు దానికి తోడవుతుంది; పగలంతా కాగిన మెట్లు దీపాలు పెట్టిన తరువాత కూడా సెగ కక్కుతూనే ఉంటాయి. ఒక మే నెలలో నేను సాయంత్రం నాలుగున్నరకే బయలుదేరదీసినందువల్ల మా మేనమామగారు పుష్కర ఘాట్ మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడ్డారు. ఆ తప్పు నాదే. అప్పటి నుంచి వేసవిలో ఈ నడకను ఉదయానికే ఉంచుకున్నాను.

మే నెలాఖరున ఇక్కడ సూర్యోదయం ఐదున్నర ప్రాంతంలో అవుతుంది. ఐదింటికే కోటిలింగాల ఘాట్‌లో నడక మొదలుపెట్టి, ఏడున్నర లోపల ముగించడం మంచిది. 2015 పుష్కరాలకు ఈ ఘాట్‌ను కిలోమీటరుకు పైగా పొడిగించారు కనుక తొలి అడుగులు తీరికగా పడతాయి. అక్కడి నుంచి దక్షిణంగా, పుష్కర ఘాట్ వైపు నడవాలి. ఆ రోజుల్లో సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా లేస్తాడు కాబట్టి, ఎండ వచ్చినా ముఖాన కొట్టకుండా ఎడమ పక్కన, కాస్త వెనుకగా తగులుతుంది. 1900లో రైళ్ళు నడవడం మొదలై 1997లో ఆగిపోయిన హేవలాక్ వంతెనను తీరిగ్గా చూడాలంటే ఈ వేళను మించినది లేదు. ధవళేశ్వరం దాకా వెళ్ళాలనుకునేవారు రానూపోనూ నడవకుండా, తిరుగు ప్రయాణానికి ఆటో ఎక్కడం క్షేమం.

డెల్టాలో ఎండ కన్నా ఉక్క ప్రమాదకరం. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉన్న రోజున చెమట కారుతుందే గాని ఆరదు. నేను బయలుదేరే ముందు తువ్వాలును తడిపి, గట్టిగా పిండి, మెడ చుట్టూ వేసుకుంటాను. పావుగంట నడిచినా అది మొదట ఉన్నంత తడిగానే ఉండి, చల్లదనం పోయి వెచ్చబడితే, ఆ రోజు నడకను సగానికి తగ్గిస్తాను. పడమటి వడగాడ్పు వీచే రోజుల్లో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది: చెమట కనబడకుండానే ఆరిపోతుంది కనుక ఎంత నీరు పోయిందో తెలియదు. ఆ రోజుల్లో దాహం కోసం ఎదురుచూడకుండా పావుగంటకొకసారి నాలుగు గుక్కలు తాగుతూ ఉండాలి.

పరగడుపున బయలుదేరకూడదు. నాలుగు ముద్దల తరవాణి అన్నం గాని, ఉప్పు వేసిన పల్చని మజ్జిగ గాని కడుపులో ఉండాలి. ఓఆర్‌ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినంత నీటిలోనే కలపాలి. లీటరు పొట్లాన్ని అరలీటరులో కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. రక్తపోటుకు, గుండెకు మందులు వాడేవారు ఉప్పు, నీళ్ళ విషయం ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

వేడెక్కిందని నదిలోకి దిగకూడదు. ధవళేశ్వరం బ్యారేజీ నీటిని నిలిపి ఉంచడం వల్ల వేసవిలో కూడా గోదావరి ఇక్కడ నిండుగా, నిశ్చలంగా కనిపిస్తుంది. ఆ నిశ్చలతను బట్టి లోతును అంచనా వేయలేము. నీటి అంచున ఉండే మెట్టుకు నాచు పట్టి ఉంటుంది. ఒడ్డునే కూర్చొని చెంబుతో కాళ్ళ మీద, మెడ మీద నీళ్ళు పోసుకుంటే చాలు. గుడి దగ్గర విడిచిన చెప్పులను బయటికి రాగానే తొడుక్కోవాలి. ఎనిమిది దాటాక ఆ రాళ్ళ మీద వట్టి కాళ్ళతో నిలబడలేరు.

తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం మొదలైతే నడక అక్కడితో ఆపి నీడకు చేరాలి. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకొని వెంటనే 108కి ఫోన్ చేయాలి. వాహనం వచ్చేలోగా బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, మెడకూ చంకలకూ గజ్జలకూ తడిగుడ్డలు పెట్టి విసురుతూ ఉండాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.