పాత కారుకి పార్టు అడిగేటప్పుడు ఏ మాట వాడాలి, ఎలా పలకాలి

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో అంబాసిడర్, పద్మినీ, పాత జీపు ఉంచుకున్నవాళ్లు చాలా పార్టులు బయటినుంచే తెప్పించుకోవాలి. పాత పార్టుల బజార్లంటే దక్షిణాన చెన్నై పుదుపేట, ఉత్తరాన కోల్‌కతా మల్లిక్ బజార్. షెడ్డులో అయితే వేలుపెట్టి చూపిస్తే సరిపోతుంది, ఫోనులో ఆ వీలుండదు. మాట తప్పితే వేరే పార్టు దిగుతుంది, పార్సిల్ ఖర్చు రెండుసార్లు పడుతుంది. అందుకే షెడ్డు మాట షెడ్డులో వాడండి, ఆర్డరు ఇచ్చేటప్పుడు తయారీదారు మాట వాడండి.

ముందుగా ఎడమ, కుడి. ఇవి ఎప్పుడూ సీట్లో కూర్చుని ముందుకి చూస్తున్నవాడి లెక్కే. బానెట్ ఎత్తి కారుకి ఎదురుగా నిలబడి చెబితే తారుమారవుతుంది. మన దగ్గర ‘డ్రైవర్ సైడ్’, ‘క్లీనర్ సైడ్’ అంటారు. ఇది ఎడమ–కుడి కన్నా మేలు, ఎటు నిలబడి చెప్పినా మారదు.

తర్వాతది ‘మోడల్’. మనకి ఎనభై రెండు మోడల్ అంటే 1982లో తయారైన బండి. పార్టులమ్మేవాడికి మోడల్ అంటే మార్క్ 3నా, మార్క్ 4నా, నోవానా అని. రెండూ విడివిడిగా చెప్పండి. ఇంజన్ కూడా చెప్పాలి. అంబాసిడర్‌లో 1489 సీసీ పెట్రోలు ఉంది, డీజిలు ఉంది, తర్వాత ఇసుజు 1800 వచ్చింది. ఆర్‌సీలో ఉన్న ఇంజనే బండిలో ఉందని నమ్మకండి. బ్లాకు మీద నంబరు తుడిచి చదవండి.

ఛార్జింగు ఇచ్చే దేన్నయినా ‘డైనమో’ అనేయడం బాగా అలవాటు. పొడుగ్గా గొట్టంలా, దాదాపు మూసినట్టు ఉంటే అది డైనమో. పొట్టిగా, లావుగా, చుట్టూ గాలి సందులతో ఉంటే ఆల్టర్నేటర్. డైనమోకి కటౌట్ (బ్యాటరీ కరెంటు వెనక్కి పోకుండా ఆపేది), రెగ్యులేటర్ ఉన్న కంట్రోల్ బాక్సు విడిగా ఉంటుంది. దాన్ని ఆల్టర్నేటర్‌కి తగిలిస్తే పనిచేయదు. ఆర్డరుకి ముందు బ్యాటరీది ఏ టెర్మినల్ ఎర్త్ అయిందో కూడా చూడండి. 1960ల మధ్య దాకా వచ్చిన బ్రిటిష్ డిజైన్ కార్లు చాలావాటిలో బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలిపేవారు. అలాంటి బండికి ఇప్పటి ఆల్టర్నేటర్‌ని చూడకుండా బిగిస్తే డయోడ్లు ఒక్క క్షణంలో కాలిపోతాయి.

‘డెల్కో’ అనేది ఒక అమెరికన్ కంపెనీ పేరు. అదే, స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి పేరైపోయింది. మాట అందరికీ అర్థమవుతుంది గానీ, అంబాసిడర్‌లో ఉండేది సాధారణంగా లూకాస్ రకం. క్యాప్, రోటర్ అడిగేటప్పుడు దాని బాడీ మీద పోతపోసిన నంబరు చదివి చెప్పండి. అక్కడి ‘ప్లాటినం పాయింట్’ పేరుకే ప్లాటినం, ఇప్పుడు దొరికేవి టంగ్‌స్టన్‌వి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ‘బ్రేక్ ఆయిల్’. అది ఆయిల్ కాదు, గ్లైకాల్‌తో చేసిన బ్రేక్ ఫ్లూయిడ్. డబ్బా మీద డాట్ 3 లేదా డాట్ 4 అని ఉండాలి. ఆయిల్ అన్నారు కదా అని ఎవరైనా ఇంజన్ ఆయిల్ పోస్తే మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్పులు ఉబ్బుతాయి. ఫ్లూయిడ్ వెనక్కి వెళ్లే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. పెడల్ వదిలినా బ్రేకు వదలదు, డ్రమ్ములు వేడెక్కుతాయి, కాసేపటికి బండి కదలదు. అప్పుడు ఫ్లూయిడ్ మార్చి ఊరుకుంటే చాలదు. మాస్టర్ సిలిండర్ కిట్, అన్ని వీల్ సిలిండర్ల కప్పులు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి వేయాలి, ఇనుప పైపుల్ని స్పిరిట్‌తో కడగాలి. కొన్ని డ్రమ్ముల్లో ముందు చక్రానికి రెండేసి సిలిండర్లు ఉంటాయి, లెక్కపెట్టాకే కిట్లు తెప్పించండి. డాట్ 5 సిలికాన్‌ది, 3, 4తో కలపకూడదు. డాట్ 5.1 మళ్లీ గ్లైకాలే. ఈ ఒక్క విషయంలో మాత్రం షెడ్డులో కూడా ‘ఫ్లూయిడ్’ అనే అలవాటు చేయించండి.

పిస్టన్ల దగ్గర ‘ఇరవై సైజు’ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. అంగుళాల లెక్కలో అది అసలు సైజు కన్నా 0.020 అంగుళం ఎక్కువ, అంటే 0.508 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్ల లెక్కలో 0.20. అంబాసిడర్ 1489 సీసీ ఇంజను బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 73.025 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాల మీద అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. అక్కడ అంగుళాలే నడుస్తాయి. పద్మినీది ఫియట్ వంశం, బోరు 68 మిల్లీమీటర్లు. కాబట్టి సైజుతో పాటు ప్రమాణం కూడా పలకండి. ‘స్టాండర్డ్ పిస్టన్’ అన్నా గందరగోళమే. బోరు చేయని, అంటే సిలిండర్ని కోసి పెద్దది చేయని సైజు అనుకోవచ్చు, స్టాండర్డ్ హెరాల్డ్ కారుది అనుకోవచ్చు. ముందు పిస్టన్లు తెప్పించి తర్వాత బోరు చేయించడమే సరైన వరస. చేతిలో ఉన్న పిస్టన్‌ని కొలిచి, లేతువాళ్లు దానికి తగ్గ క్లియరెన్స్ ఇస్తారు.

ఇక పలకడం. ‘ఓవరాయిలింగ్’ కాదు, ఓవర్‌హాలింగ్. ఇంజను మొత్తం విప్పి బాగుచేయడానికీ ఆయిల్ మార్చడానికీ సంబంధం లేదు. ఎస్టిమేటు రాయించుకునేటప్పుడు ఏమేం విప్పుతారో వివరంగా రాయించండి. ‘షాక్ అబ్జర్వర్’ కాదు, అబ్జార్బర్. ‘కార్పొరేటర్’ కాదు, కార్బ్యురేటర్. ఫోనులో నోటితో చెప్పి వెతికేటప్పుడు తప్పు మాట మున్సిపాలిటీ వార్తలు తెచ్చిపెడుతుంది. చాసిస్‌ని షాసీ అని పలకాలి. షెవ్రొలేలో చివరి ‘టి’, రెనోలో చివరి ‘ఎల్’, ‘టి’ పలకవు, కానీ ఇంగ్లిషు రాతలో ఉండాలి. ప్లైమౌత్ కాదు, ప్లిమత్. జీపు పేరు విల్లీస్ అని మనమంతా అంటాం, ఆ కంపెనీ యజమాని ఇంటిపేరు పలికేది విలిస్ అని.

స్టెప్నీ, డిక్కీ తప్పులని కొందరు సరిదిద్దుతుంటారు. అక్కర్లేదు. వేల్స్‌లోని లనెత్లీ ఊళ్లో స్టెప్నీ వీధిలో తయారైన అదనపు చక్రం వల్ల వచ్చింది మొదటి మాట. పాత కార్ల వెనక తెరుచుకునే సీటు పేరు రెండోది. రెండూ కార్ల చరిత్రలోవే.

‘వింటేజ్’ మాత్రం జాగ్రత్తగా వాడాలి. బ్రిటన్ వాడుకలో 1919 నుంచి 1930 దాకా వచ్చినవే వింటేజ్. మన దేశంలో 2021 నిబంధన ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, షాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉన్నది వింటేజ్. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. 1980లో రిజిస్టరైన పద్మినీ 2030లో యాభై ఏళ్లు దాటేదాకా ఈ లెక్కలోకి రాదు, అప్పటిదాకా క్లాసిక్ అనండి. ఈ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజువారీ పనులకి తిప్పకూడదు, బాడుగకి అసలే కాదు.

ఆర్డరు సందేశం ఇలా పంపండి: ‘అంబాసిడర్, మార్క్ 4, 1982లో తయారీ, 1489 పెట్రోలు, ముందు చక్రం, డ్రైవర్ సైడ్, వీల్ సిలిండర్ కిట్.’ పక్కన స్కేలు పెట్టి తీసిన పాత పార్టు ఫొటో, దాని మీద అంకెలు ఉంటే విడిగా ఇంకో ఫొటో. కొత్తది బిగించి, వందో రెండొందలో కిలోమీటర్లు తిరిగేదాకా పాతదాన్ని గుడ్డలో చుట్టి ఉంచండి. కొత్తది ఆడకపోతే ఆ అంకెలు మళ్లీ చదవాలి.