నలభై సెకన్లకే ఆగిపోయిన నోరు

మొదటిసారి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిషు పరీక్ష రాసినప్పుడు స్పీకింగ్‌లో నాకు 5.5 వచ్చింది. ఆ మాట్లాడే పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలే. నన్ను ముంచింది రెండో భాగం: కార్డు మీద ఒక అంశం ఇస్తారు, ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం, తర్వాత రెండు నిమిషాల దాకా మనమే మాట్లాడాలి. నేను నలభై సెకన్లకే ఆగిపోయి బల్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

కర్నూలు వచ్చాక నా మాటలను ఫోనులో రికార్డు చేసుకుని విన్నాను. వినడం నరకమే, కానీ జబ్బు దొరికింది. ఆ ఒక్క నిమిషంలో నేను పూర్తి వాక్యాలు రాస్తున్నాను. రెండు రాసేసరికి సమయం అయిపోతోంది. పైగా ‘కొండారెడ్డి బురుజు చాలా అందంగా ఉంటుంది’ అన్నాక ఇంకేమి మిగులుతుంది?

వాక్యాలు మానేసి ఐదారు మాటలే రాసుకోవడం మొదలుపెట్టాను. మరచిపోలేని రోజు గురించి అడిగితే: 2009 అక్టోబరు వరద, తుంగభద్ర, మేడ, బియ్యం మూట, గోడ మీద బురద గీత. నాన్న ఆ మూటను భుజాన వేసుకుని మెట్లెక్కడం చెప్పేసరికే నిమిషంన్నర దాటింది. పెద్ద పెద్ద పదాలు బట్టీ పట్టడమూ మానేశాను. మార్కుల్లో పదసంపదకు ఎంత వాటా ఉందో ధారాళతకు, వ్యాకరణానికి, ఉచ్చారణకు కూడా అంతే ఉంది.

నెల రోజులు సాయంత్రం మేడ మీద ఇదే పని. పక్కింటి పెద్దమ్మ ‘ఎవరితో నాయనా ఆ గొడవ?’ అని అడిగింది.

రెండోసారి 7 వచ్చింది. మూడో భాగం చర్చలో మాత్రం ఇప్పటికీ తడబడతాను.